బంతిని వదిలేది కెప్టెనే: మా బడి ల్యాబులో ఒక బొచ్చా ర్యాంపు

ఏటా డిసెంబరు 3న మా మండలంలో దివ్యాంగ పిల్లలకు ఆటల పోటీలు పెడతారు. పరుగు పందెం, కుర్చీలాట, చెంచాలో నిమ్మకాయ. మా కెప్టెన్ కూడా వెళ్ళేవాడు. వాళ్ళమ్మ ఆటోలోంచి ఎత్తుకుని దింపి షామియానా కింద కూర్చోబెట్టేది. సాయంత్రం మైకులో పేరు పిలిచి ఒక స్టీలు బాక్సు ఒళ్ళో పెట్టేవారు. మూడేళ్ళు, మూడు బాక్సులు. "ఇవి దేనికిచ్చారమ్మా?" అని ఒకసారి అడిగాను. "వచ్చినందుకు మేడం" అంది.

నేను తెనాలి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా బడిలో అటల్ టింకరింగ్ ల్యాబు ఉంది. తాళాలు నా దగ్గరుంటాయి గనుక ఇన్‌ఛార్జిని కూడా నేనే. నీతి ఆయోగ్ కింద అటల్ ఇన్నొవేషన్ మిషన్ 2016 నుంచి బడులకు ఇస్తున్న ల్యాబులివి. గ్రాంటు 20 లక్షల వరకు వస్తుంది. సగం సామాన్లకు, సగం ఐదేళ్ళ నిర్వహణకు. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు వాడుకోవచ్చు. త్రీడీ ప్రింటరు వచ్చింది, కోడ్ రాసి నడిపించే చిన్న ఆర్డుయినో బోర్డులు వచ్చాయి, సెన్సర్లు డబ్బాలకు డబ్బాలు వచ్చాయి. పిల్లలు ఏటా చేసే ప్రాజెక్టులు మాత్రం మూడే: చెయ్యి పెడితే మూత తెరుచుకునే చెత్తబుట్ట, నీళ్ళ ట్యాంకు అలారం, అడ్డం వస్తే ఆగే బొమ్మ కారు. ఏ ఎగ్జిబిషన్‌కి వెళ్ళినా ఈ మూడూ పక్కపక్క బల్లల మీదే ఉంటాయి.

కెప్టెన్ అన్నది పిల్లలు పెట్టిన పేరు. వయసు 13. సెరిబ్రల్ పాల్సీ, అంటే కండరాల మీద మెదడుకి సరైన అదుపు ఉండదు. కాళ్ళూ చేతులూ బిగుసుకుని ఉంటాయి, అనుకున్న చోటికి అనుకున్నప్పుడు వెళ్ళవు. మాట స్పష్టంగా రాదు. "ఊ" అంటే అవును, కళ్ళు కిందికి దించితే కాదు. మెడ మాత్రం చాలావరకు తన మాట వింటుంది. మా బడి రిజిస్టర్లో పేరుంది. వారానికి రెండు రోజులు మా ఆవరణలోనే ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి వస్తాడు, మిగతా రోజుల్లో ఇల్లే బడి. వచ్చిన రోజు వరండాలో కుర్చీలో కూర్చుని పీఈటీ సార్ ఆడించే క్రికెట్ చూస్తాడు. ఎడమచేతి వాటం వాడు బ్యాటింగుకి వచ్చినా ఫీల్డర్లు కదలకపోతే గట్టిగా కేక పెడతాడు. రెండు మూడుసార్లు అలా అయ్యాక మా వాళ్ళు కేక వినగానే ఫీల్డింగ్ సర్దుకోవడం మొదలుపెట్టారు. పేరు అలా వచ్చింది.

ఇది ఆ కుర్రాడు బొచ్చా అనే బంతుల ఆట ఆడేందుకు ఐదుగురు పిల్లలు ఏడాదికి పైగా చేసిన పని గురించి. మేం ఎక్కడెక్కడ తప్పటడుగు వేశామో వివరంగా రాస్తున్నాను. ఇలాంటి ల్యాబు ఉన్న టీచర్లకు బాగా పనికొచ్చేది ఆ భాగమే.

ఏ ఆట?

2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ జరుగుతుంటే వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచింది. ఆ వారమంతా బడిలో అదే మాట. ల్యాబు పీరియడ్‌లో పిల్లలు "మేడం, మనం కూడా ఏదన్నా చేద్దాం" అన్నారు. మొదట వాళ్ళు చెయ్యాలనుకున్నది అంధుల క్రికెట్‌కి బీప్ బీప్‌మనే బంతి. అంధుల క్రికెట్ జట్టుకి కెప్టెన్‌గా ఆడిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి మన ఆంధ్రా వాడేనని వాళ్ళకి తెలుసు. నేను ఆ ఆటలో వాడే బంతి గురించి చెప్పాను. గట్టి ప్లాస్టిక్ బంతి, లోపల బాల్ బేరింగులు. దొర్లితే గలగలమంటుంది. బ్యాటరీ అక్కర్లేదు, సర్క్యూట్ అక్కర్లేదు. పిల్లల ముఖాలు కొంచెం వాడిపోయాయి. పైగా మా బడిలో చూపు లేని పిల్లలు ఎవరూ లేరు. "ఎవరో తెలియని వాళ్ళకి కాదు, రోజూ మీ ఎదుట కూర్చునేవాడికి చెయ్యండి" అన్నాను. అందరూ కిటికీలోంచి వరండా వైపు చూశారు.

బొచ్చా వీడియో దొరికింది తొమ్మిదో తరగతి క్లాస్ లీడరమ్మాయికి. పేరు వినగానే వెనక బెంచీ వాళ్ళు "బొచ్చె ఏంటే" అని పడీ పడీ నవ్వారు. ఆట చూశాక నవ్వు ఆగింది. "గోళీలాటే కదా మేడం!" అన్నాడు ఒకడు. నిజమే, గోళీలాటకి దగ్గరి చుట్టం. ముందు తెల్ల బంతి వేస్తారు. ఒకరికి ఆరు ఎర్ర బంతులు, ఒకరికి ఆరు నీలం బంతులు. తెల్లదానికి ఎవరిది దగ్గరగా ఆగితే వాళ్ళకి పాయింట్లు. అవతలివాడి బంతిని కొట్టి తప్పించొచ్చు, తెల్లదాన్నే తోసి తన వైపుకి తెచ్చుకోవచ్చు. కోర్టు పన్నెండున్నర మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. ఒలింపిక్స్‌లో ఇలాంటి ఆట లేదు. చూపు లేనివాళ్ళు ఆడే గోల్‌బాల్ లాగే ఇదీ దివ్యాంగ ఆటగాళ్ళ కోసమే పుట్టింది.

చేత్తో బంతి పట్టుకుని విసరలేని వాళ్ళ వర్గాన్ని బీసీ3 అంటారు. వాళ్ళకి ర్యాంపు ఉంటుంది, అంటే ఏటవాలు గాడి. పైన బంతి పెడితే ఆటగాడు తలకు కట్టుకున్న కడ్డీతోనో గడ్డంతోనో ఆపి పట్టి, వదులుతాడు. ర్యాంపును కదిపేందుకు పక్కన ఒక సహాయకుడు ఉంటాడు. ఆ సహాయకుడు కోర్టుకి వీపు పెట్టి కూర్చోవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు, సలహా ఇవ్వకూడదు. ఆటగాడు ఎలా సైగ చేస్తే అలా కదపడం ఒక్కటే ఆయన పని.

ఈ నియమాన్ని మేం మొదట్లో పట్టించుకోలేదు. అదేదో పోటీల్లో వాళ్ళ పట్టింపు అనుకున్నాం.

రెండు రోజుల్లో తయారైన తప్పు

ల్యాబులో సర్వో మోటార్లు, అంటే చెప్పినంత మేరకే తిరిగే చిన్న మోటార్లు, ఉన్నాయి కాబట్టి పిల్లల ఆలోచన సర్వో దగ్గరికే పోయింది. నాదీ అటే పోయింది, వాళ్ళనని లాభం లేదు. ర్యాంపు పైన చిన్న గేటు, దానికి సర్వో, కెప్టెన్ మోచేతి దగ్గర అరచేయంత స్విచ్చు. నొక్కితే గేటు లేస్తుంది, బంతి దొర్లుతుంది. ఎనిమిదో తరగతి కుర్రాడొకడు కోడ్ రాసేశాడు. రెండు రోజుల్లో అయిపోయింది. హెచ్చెమ్ సార్‌ని పిలిచి చూపించాం.

కెప్టెన్ మొదటి బంతి వదిలాడు, అందరం చప్పట్లు కొట్టాం. ఆ చప్పుడుకి అతని ఒళ్ళంతా ఒక్కసారి అదిరింది, చెయ్యి వెళ్ళి మళ్ళీ స్విచ్చుకి తగిలింది, గేటు మళ్ళీ లేచింది. మేం నవ్వేశాం. మూడో బంతి, నాలుగో బంతి. ఐదో బంతికి నొక్కడం మానేసి తల తిప్పి గ్రౌండు వైపు చూస్తూ కూర్చున్నాడు. లీడరమ్మాయి "అలిసిపోయావా?" అంటే కళ్ళు కిందికి దించాడు. "బాలేదా?" అంటే "ఊ".

ఆ రాత్రి నేను నియమాలు చదివాను. ర్యాంపుకి బంతిని తోసే యంత్రమేదీ ఉండకూడదు. గురి చూసే లేజర్ల లాంటివి ఉండకూడదు. బంతిని ఆటగాడే తన ఒంటితోనో, ఒంటికి కట్టుకున్న కడ్డీతోనో వదలాలి. మర్నాడు చెబితే కోడ్ రాసిన కుర్రాడికి కోపం వచ్చింది. "వదిలాక బంతిని లాగేది గురుత్వమే కదా మేడం. గేటు వదిలినా తల వదిలినా తేడా ఏముంది?" ఫిజిక్స్ ప్రకారం వాడిదే కరెక్టు. నా దగ్గర జవాబు లేదు. "తేడా ఉందో లేదో కెప్టెన్ని అడుగు" అన్నాను.

జవాబు పది రోజుల తర్వాత దానంతటదే వచ్చింది. పాత సైకిల్ హెల్మెట్‌కి గొడుగు కడ్డీ కట్టి, కొసకి చేతికర్ర కింద వేసే రబ్బరు బుష్ తొడిగాం. కెప్టెన్ కడ్డీతో బంతిని ఆపి పట్టాడు. వెంటనే వదల్లేదు. కోర్టు వైపు చూశాడు, మమ్మల్నందర్నీ ఒకసారి చూశాడు, ఊరించాడు. కోడ్ కుర్రాడు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అప్పుడు వదిలాడు. ఆ రోజు ఆటో వచ్చి హారన్ కొడుతున్నా ఇంటికి పోనని మొండికేశాడు.

పైపు సంగతులు

ఇక ర్యాంపు. పోటీల్లో వాడే అల్యూమినియం, యాక్రిలిక్ ర్యాంపులు మా వల్ల కావు. పీవీసీ పైపు కొని నిలువునా సగానికి కొయ్యాలన్నది మొదటి ఆలోచన. ఎంత పైపు?

బొచ్చా బంతి చుట్టుకొలత 270 మిల్లీమీటర్లు, అంటే వ్యాసం సుమారు 86. బరువు 275 గ్రాములు. ప్లంబర్లు నాలుగంగుళాల పైపు అనే 110 మిల్లీమీటర్లది కోసి చూశాం. బంతి చక్కగా ఇమిడింది, ఇమిడి ఉయ్యాల ఊగింది. గాడి బంతి కంటే వెడల్పు కాబట్టి దొర్లుతూ కుడికీ ఎడమకీ ఎక్కి దిగుతుంది. కింద నేల తాకే క్షణానికి ఏ పక్కకి ఊగుతూ ఉందో ఆ పక్కకే పోతుంది. ఒకే చోట నుంచి వదిలిన పది బంతులు పది దారులు పట్టాయి.

సరే, చిన్నది తీసుకుందామని 75 మిల్లీమీటర్ల పైపు కోశాం. ఈసారి బంతి గాడిలోకి దిగలేదు, రెండు అంచుల మీద కూర్చుంది. ఊగడం పోయింది, గీత గీసినట్టు నేరుగా వెళ్ళింది. కానీ దూరం పోవట్లేదు. అదే ఎత్తు, అదే బంతి. పైగా నేల తాకగానే ఒక్కసారి ముందుకి ఉరికేది, క్లచ్ గబుక్కున వదిలిన స్కూటరులా.

ఏడాది మొత్తంలో ఇంతకంటే మంచి పాఠం నేను చెప్పలేదు. బంతి వ్యాసార్ధం 43 మిల్లీమీటర్లు. అంచుల మీద కూర్చున్నప్పుడు, అంచుల మధ్య 70 మిల్లీమీటర్ల ఎడం ఉంటే, బంతి మధ్య బిందువు అంచుల గీతకి 25 మిల్లీమీటర్ల పైన మాత్రమే ఉంటుంది. పైథాగరస్ సూత్రం వేస్తే వచ్చేస్తుంది, పిల్లలే వేశారు. అంటే బంతి 25 మిల్లీమీటర్ల చక్రంలా దొర్లుతోంది. అంతే దూరం పోవడానికి ఎక్కువసార్లు తిరగాలి. ఎత్తు నుంచి వచ్చిన శక్తి గిరగిరా తిరగడానికే ఎక్కువ ఖర్చయి, ముందుకి పోవడానికి తక్కువ మిగులుతుంది. గట్టి గోళం అనుకుని లెక్కేస్తే, గాడి అడుగునే దొర్లి వచ్చే బంతితో పోలిస్తే వేగం సుమారు ఐదో వంతు తగ్గాలి. నేల మీదకి రాగానే చక్రం మళ్ళీ 43 అవుతుంది, అదనంగా ఉన్న తిరుగుడు నేలని వెనక్కి తన్నుతుంది, అందుకే ఆ ఉరుకు.

మందు చిన్నదే. మళ్ళీ 110 పైపుకే వెళ్ళి, లోపల అడుగున రెండు సన్నని పట్టీలు నిలువునా అతికించాం, మధ్యలో 4 సెంటీమీటర్ల ఎడంతో. కరెంటు పనివాళ్ళు వైర్ల మీద వేసే పీవీసీ కేసింగ్ పట్టీలవి. బంతి ఆ రెండు పట్టాల మీద రైలులా వస్తుంది. ఊగదు, వేగం కూడా పెద్దగా పోదు. దొర్లే వ్యాసార్ధం 38 దాకా ఉంటుంది. ఈ ఆలోచన మా ఏడో తరగతి కుర్రాడిది. వాళ్ళ నాన్న ఎలక్ట్రీషియన్.

కింద వంపు తిప్పడం ఇంకో బాధ. రెడీమేడ్ బెండు అతికిస్తే అతుకు దగ్గర బంతి ఎగిరింది. చివరికి ఒక పిల్లాడి బాబాయి, ప్లంబరు, వచ్చి చూపించాడు: ఇసుకని మూకుడులో బాగా వేయించి పైపులో పోసి, మెత్తబడ్డాక పాత టైరు చుట్టూ నెమ్మదిగా వంచడం. లోపల ఇసుక ఉంటుంది కాబట్టి పైపు నొక్కుకుపోదు. వంచాక, చల్లారాక కొయ్యాలి, కోశాక వంచితే మెలితిరుగుతుంది. ఇది ఆయనే చేశాడు, పిల్లల్ని దూరంగా నిలబెట్టాం, ఆరుబయటే చేశాం. పీవీసీని నేరుగా మంట మీద పెట్టొద్దు. మాడితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. పొడుగునా కొయ్యడానికి సుద్ద రాసిన దారం లాగి కొట్టి గీత వేసుకున్నాం, వడ్రంగులు వేసినట్టు. హ్యాక్సాతో ఇద్దరు పిల్లలకి ఒక మధ్యాహ్నం పట్టింది. ల్యాబులో ఉన్న అంత ఖరీదైన యంత్రాల్లో ఏదీ ఆ రోజు పనికి రాలేదు, అది వేరే సంగతి.

ర్యాంపు రెండు ముక్కలుగా చెయ్యాల్సి వచ్చింది, ఆటోలో పట్టదు కాబట్టి. ముక్కలు కలిసే చోట మెట్టు వస్తుంది. మెట్టు పైకి ఉంటే బంతి గెంతుతుంది, కిందికి ఉంటే తెలియకుండా దిగిపోతుంది. అందుకని పై ముక్క కొసని కింది ముక్క మీదకి వచ్చేలా పెట్టాం, ఇంటి కప్పుకి పెంకులు పరిచినట్టు. రెండు ముక్కలవడం వల్ల ఇంకో లాభం: దగ్గరి బంతులకి పై ముక్క తీసేసి ఆడొచ్చు.

రెట్టింపు ఎత్తు నుంచి వదిలితే బంతి రెట్టింపు దూరం పోతుంది, వేగం మాత్రం రెట్టింపు కాదు. ఈ వాక్యం పరీక్షలో రాయమంటే సగం మంది తప్పు రాస్తారు. ర్యాంపు పక్కన సమాన దూరాల్లో రంగు టేపులు అతికించి, ఏ రంగుకి ఎంత దూరమో కొలిచిన ఐదుగురు మాత్రం తప్పు రాయరు. కొలతల మొదటి వారం అన్ని బంతులూ గ్రౌండు వైపే వంగిపోతుంటే ర్యాంపునే అనుమానించాం. తీరా చూస్తే వరండా వాలు. వాన నీళ్ళు బయటికి పోవాలని కట్టినప్పుడే అలా కడతారు. పదిహేనేళ్ళుగా ఆ వరండాలో నడుస్తున్నా నా కాళ్ళకి తెలియలేదు, బంతికి తెలిసింది. తర్వాత తరగతి గదిలోకి మారాం.

బంతుల గురించి క్లుప్తంగా. అసలు సెట్టు కొనే స్తోమత లేదు. రెక్సిన్ ముక్కలు కుట్టి లోపల బియ్యం నింపాం. ఆ పరిమాణంలో బియ్యం బరువు దాదాపు 270 గ్రాములకి వస్తుంది, సరిగ్గా సరిపోయిందని పొంగిపోయాం. ముసురు పట్టాక పురుగు పట్టింది. నీలం బంతుల్లోంచి ముక్కపురుగులు నడుచుకుంటూ బయటికి వచ్చాయి. ఇప్పుడు ప్లాస్టిక్ గుళికలు, బరువుకి కాస్త ఇసుక. కుట్టిపెట్టేది లీడరమ్మాయి వాళ్ళమ్మ, ఆవిడ టైలరు.

రెండు వారాలు ర్యాంపునే తిట్టాం

గదిలోకి వచ్చాక వాలు పోయింది, అయినా కెప్టెన్ వదిలిన బంతులు కుడికే పోతున్నాయి. మేం వదిలితే నేరుగా పోతాయి. పట్టాలు ఊడదీసి మళ్ళీ అతికించారు. స్టాండు మార్చారు. నేను స్పిరిట్ లెవెల్ తెచ్చాను. రెండు వారాలు.

నెలకోసారి భవిత కేంద్రానికి ఫిజియోథెరపిస్ట్ వస్తారు. ఆయన గుమ్మంలో నిలబడి ఒక్క బంతి చూసి, "ముందు కుర్రాణ్ణి సరిగ్గా కూర్చోబెట్టండి" అన్నారు. మేమెవ్వరం ర్యాంపు మీద నుంచి చూపు ఎత్తి కుర్చీ వైపు చూడలేదు. శిబిరంలో ఇచ్చిన చక్రాల కుర్చీ అది, పెద్దవాళ్ళ కొలత. సీటు రెక్సిన్ ఉయ్యాలలా కిందికి జారింది. నడుము ఒక పక్కకి ఒరిగి, వెన్ను వంగి, తల దాన్ని సరిచేసుకోవడానికి ఇంకో పక్కకి వంగుతోంది. అలాంటి తలకి కట్టిన కడ్డీ బంతిని వదిలేటప్పుడు పక్కకి గీరుతుంది.

రెండో తప్పు ఇంకా నేర్పింది. కుర్చీ ముందు కాళ్ళ పలకలు అడ్డం వస్తున్నాయని ర్యాంపుని కుర్చీకి కుడి పక్కన పెట్టాం. అందుకని కెప్టెన్ ప్రతిసారీ తల కుడికి తిప్పాలి. తల ఒక వైపుకి తిప్పగానే ఆ వైపు చెయ్యి తనంతట తానే చాచుకోవడం, రెండో చెయ్యి ముడుచుకోవడం నెలల పిల్లల్లో మామూలే, పెరిగేకొద్దీ పోతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న కొందరిలో పోదు. కెప్టెన్ చెయ్యి వెళ్ళి ర్యాంపుకి తగులుతుంటే "కుదురుగా పెట్టుకో" అని మేం చెబుతూ వచ్చాం. అతని చేతిలో లేని పనికి అతన్ని మందలించాం. లీడరమ్మాయి ఆ రోజు వెళ్ళి "సారీ కెప్టెనూ" అని చెప్పింది. నేను చెప్పడానికి ఇంకో రోజు పట్టింది.

సీటు కింద ప్లైవుడ్ పలక, దాని మీద గట్టి ఫోము, నడుముకి పట్టీ. కాళ్ళ పలకలు విప్పేసి, పాదాల కింద చెక్క పెట్టె. ర్యాంపు రెండు మోకాళ్ళ నడుమకి, సరిగ్గా ముక్కుకి ఎదురుగా. కుడికి పోవడం చాలావరకు ఆగిపోయింది. ర్యాంపులో ఒక్క స్క్రూ మార్చలేదు.

హెల్మెట్ బరువు మెడకి మంచిది కాదని కూడా ఆయనే చెప్పారు. మేస్త్రీల హెల్మెట్ లోపలుండే పట్టీని మాత్రం ఊడదీసి వాడాం. తేలిక, తలకి తగ్గట్టు బిగుతు తిప్పుకోవచ్చు. కడ్డీని పట్టీకి బిగించే క్లిప్పు త్రీడీ ప్రింటర్లో తీశాం. మొదటిది పొరల దగ్గర విరిగింది, నిలబెట్టి ప్రింట్ చేస్తే అంతే. పడుకోబెట్టి చేస్తే నిలిచింది. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ఆటో ముందు అద్దం దగ్గర పెట్టి మరిచిపోతే వడిలిన బెండకాయలా వంగింది. ఆ ప్రింటర్లో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఇప్పుడక్కడ పైపుని గోడకి బిగించే ప్లాస్టిక్ క్లాంపు ఉంది. పది రూపాయలు.

షామియానా కింద

2024 డిసెంబరు 3కి ర్యాంపు ఇంకా కుడికే వేస్తోంది. అయినా తీసుకెళ్ళాం. తొందరపడ్డాం. స్పీకర్లో పాటలు దద్దరిల్లుతుంటే ప్రతి దరువుకీ కెప్టెన్ ఉలిక్కిపడి బంతి ముందే జారింది. సౌండు తగ్గించమంటే ఎవరూ వినిపించుకోలేదు. చివర్లో ఒక అతిథి గారు వచ్చి, కెప్టెన్ కడ్డీతో పట్టుకున్న బంతిని తన చేత్తో తోసి, ఫొటో దిగి, భుజం తట్టి వెళ్ళారు. నాలుగో స్టీలు బాక్సు కూడా ఇచ్చారు.

ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళమ్మ మాత్రం "పోనీలెండి మేడం, వాడు ఆడాడు కదా" అంది. కెప్టెన్ కళ్ళు కిందికి దించాడు.

ఆ అతిథిని తిట్టుకోవడం తేలిక. కానీ మా గదిలో అప్పటిదాకా ఏం జరుగుతోందని వెనక్కి తిరిగి చూసుకుంటే మేమూ అదే చేస్తున్నాం, కాస్త మర్యాదగా. ర్యాంపు కదిపే లీడరమ్మాయి కోర్టు వైపే చూస్తూ, "ఇంకొంచెం ఎడమ పెడితే తగుల్తుంది" అని తనే సర్దేస్తోంది. కెప్టెన్ "ఊ" అంటున్నాడు. ఆ "ఊ" ఒప్పుకోవడమో, విసుగో మేం అడగలేదు. గెలుపులన్నీ ఆమెవి, వదలడం మాత్రం అతనిది.

జనవరి నుంచి నియమం ప్రకారమే ఆడాలని తీర్మానం. వీపు తిప్పి కూర్చోవాలి. లీడరమ్మాయికి అది శిక్షలా అనిపించింది, మొదటి రోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తర్వాత సైగల గొడవ. ఎడమ, కుడి అన్నది బాణం గుర్తుల అట్టతో తేలిపోయింది, అతను చూసిన వైపు. ఎంత కదపాలో చెప్పాలంటే? మీటర్లూ సెంటీమీటర్లూ అతనికి ఊహకి రావట్లేదు. గోళీలాట కొలతలే పెట్టాం: జానెడు, బెత్తెడు, వేలెడు. మూడు బొమ్మలు అట్ట మీద. "ఎవరి జాన?" అని పేచీ వచ్చింది. కెప్టెన్ చూపు తిరిగి తిరిగి వాళ్ళమ్మ మీద ఆగింది. ఆవిడ జానకి, బెత్తకి, వేలికి సరిపడా మూడు వెదురు పుల్లలు కోసి ర్యాంపుకి దారంతో కట్టాం. ఇప్పటికీ అవే.

ఒక బంతి అయ్యాక ర్యాంపుని అటూ ఇటూ బాగా కదిపేసి మళ్ళీ కొత్తగా గురిపెట్టాలన్నది ఇంకో నియమం. ముందటి బంతి గురి అలాగే ఉంచుకుని ఆడటానికి లేదు. పిల్లలు ఇది మరీ అన్యాయం అన్నారు. కానీ దాంతోనే కెప్టెన్ ఆట బయటపడింది. మొదటి వారాల్లో బంతులు తెల్లదానికి ఆమడ దూరంలో ఆగాయి. లీడరమ్మాయి చూస్తూ సర్దిన రోజుల కంటే ఘోరం. మా పట్టికలో ఆ నెల గీత కిందికి పడింది. ఇక్కడ ఆపేసి పాత పద్ధతికి పోదామని నాకూ అనిపించింది, దాచను. మార్చికి మళ్ళీ లేచింది. అంతకంటే ముఖ్యం, అతను ఎర్ర బంతిని తెల్లదాని దగ్గరికి కాకుండా కావాలని మధ్యలో అడ్డంగా ఆపడం మొదలుపెట్టాడు, అవతలివాడి దారి మూసెయ్యడానికి. మాలో ఎవరం నేర్పలేదు. ఫీల్డింగ్ పెట్టేవాడి బుర్ర అది.

చప్పట్లు మానేశాం. మంచి బంతి పడితే చేతులు రెండూ పైకెత్తి ఊపుతారు. బయట నుంచి చూసేవాళ్ళకి పిచ్చి పట్టినట్టుంటుంది.

ఇప్పుడు

పైపు, ప్లైవుడ్, పట్టీలు, బోల్టులు అన్నీ కలిపి ఖర్చు రెండు వేల లోపే. చెడగొట్టిన పైపులు లెక్కేస్తే అంతకి రెట్టింపు. ఒక నెల బిల్లులు పెట్టేటప్పుడు "ల్యాబు డబ్బు ఆటలకా?" అని ప్రశ్న వచ్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 30వ సెక్షన్ ఆటల గురించే ఉందని చూపించాక మళ్ళీ అడగలేదు. సర్వో గేటు అల్మరాలో ఉంది. కోడ్ కుర్రాడు దాన్ని మా బంతుల పరీక్షకి వాడుతున్నాడు. ఒకే ఎత్తు నుంచి ఒకేలా వదలాలంటే దానంత బాగా మనిషి వదల్లేడు.

చెయ్యలేనివి ఉన్నాయి. ర్యాంపు ఎత్తు మార్చాలంటే ఇంకా రెండు బోల్టులు విప్పాలి. ఒక రౌండులో, అంటే ఇద్దరి ఆరేసి బంతులూ అయ్యేలోపు, బీసీ3 ఆటగాడికి ఉండేది 6 నిమిషాలు, అందులో బోల్టులకే ఒకటి పోతుంది. కడ్డీ అందే మేర చాలదు, మరీ దగ్గరి బంతులకి ఇబ్బందే. పక్క మండలం భవిత కేంద్రం వాళ్ళు ఒక ఆడపిల్లకి ర్యాంపు కావాలని అడిగారు. మా పిల్లలు ఈసారి టేపు పట్టుకుని ముందు కుర్చీ కొలవడానికి వెళ్ళారు. ఆ అమ్మాయికి తల కంటే ఎడమ పాదం బాగా కదులుతుందట. ఇక మొదటి నుంచి మొదలు.

మొన్న శుక్రవారం సాయంత్రం ఆట చూశాను. అవతల పీఈటీ సార్, నీలం బంతులు. ఆఖరి ఎర్ర బంతి. లీడరమ్మాయి ఇప్పుడు పదో తరగతి, పరీక్షలున్నా వస్తుంది. గోడ వైపు మొహం పెట్టి కూర్చుంది. కెప్టెన్ చూపుని బట్టి వేలెడు పుల్ల ఎడమకి, మళ్ళీ వేలెడు. కడ్డీ బంతి మీద ఆగింది. చాలాసేపు ఆగింది. వదిలాడు. బంతి వెళ్ళి సార్ నీలం బంతిని పక్కకి నెట్టి తెల్లదానికి ఆనుకుని ఆగింది. గదిలో అందరి చేతులూ పైకి లేచి ఊగుతున్నాయి, చప్పుడు లేదు. ఆ అమ్మాయికి ఏమీ కనపడదు.

"తగిలిందా?" అంది గోడతో.

కెప్టెన్ మా అందరి వైపూ చూసి, చెప్పొద్దన్నట్టు కళ్ళు దించాడు.

"ఒరేయ్, తగిలిందా లేదా?"

అతను నవ్వుతున్నాడు. ఇంకా "ఊ" అనలేదు.